గీతలు లేని స్లైడ్: ట్రాంబోన్ వాయించే పద్ధతి వెనకున్న లెక్క

క్లుప్తంగా: ట్రాంబోన్ అనే ఇత్తడి వాయిద్యంలో కంటికి కనిపించేది స్లైడ్ (ముందుకూ వెనక్కీ జరిపే గొట్టం) ఒక్కటే కాబట్టి కష్టమంతా అక్కడే ఉందనిపిస్తుంది. కానీ స్వరాన్ని పుట్టించేవి గాలి, పెదవులు. దాన్ని సరిచూసేది చెవి. స్లైడ్ ఈ రెంటి మధ్యా నడిచే కొలబద్ద, అదీ గీతలు లేని కొలబద్ద. పొజిషన్లు (స్లైడ్ ఆగాల్సిన చోట్లు) ఏడే ఎందుకు, వాటి మధ్య దూరాలు ఎందుకు పెరుగుతాయి, రెండు స్వరాల మధ్య అక్కర్లేని జారుడు ఎందుకు వినిపిస్తుంది, చిన్నపిల్లల చేతికి అందని స్వరాల సంగతేమిటి అన్నవి ఈ వ్యాసంలోని అంశాలు.

అమెరికాలో చాలా స్కూళ్లలో ఐదు, ఆరు తరగతుల పిల్లలు బ్యాండ్‌లో చేరి ఒక వాయిద్యం ఎంచుకుంటారు. తెలుగు ఇళ్లలో కర్ణాటక గాత్రం, వయొలిన్, కీబోర్డు తెలిసినవాళ్లు దొరుకుతారు. ట్రాంబోన్ గురించి అడుగుదామంటే ఎవరూ దొరకరు. మన ఊళ్లలో పోలీసు బ్యాండుల్లోనో పెళ్లి ఊరేగింపుల్లోనో చూసినవాళ్లే తప్ప చేత్తో పట్టుకున్నవాళ్లు తక్కువ. ఇక ఆన్‌లైన్ వీడియోలు చూస్తే ఒకరు పెదవులు బిగించమంటారు, ఇంకొకరు వదిలెయ్యమంటారు. ఒకరు పొట్టతో ఊదమంటారు, ఇంకొకరు అసలు ఊపిరి గురించి ఆలోచించొద్దంటారు. ఈ సలహాల్లో చాలావరకు పూర్తిగా తప్పు కాదు. ఏ సలహా ఏ పరిస్థితికి వర్తిస్తుందో చెప్పకుండా వదిలేయడం వల్లే తికమక.

ఏడు పొజిషన్లే ఎందుకు?

మామూలు టెనర్ ట్రాంబోన్ గొట్టాన్ని విప్పి సాగదీస్తే సుమారు 2.7 మీటర్లు ఉంటుంది. స్లైడ్ పూర్తిగా లోపలికి ఉన్నప్పుడు, అంటే ఫస్ట్ పొజిషన్‌లో, ఆ గొట్టం అన్ని స్వరాలూ పలకదు. బి ఫ్లాట్‌ను షడ్జమంగా తీసుకుంటే అది పలికేవి కింది నుంచి వరుసగా ఇవి: స, పై స, ప, ఆ పై స, అంతర గాంధారం, ప, కైశికి నిషాదానికి కాస్త తక్కువగా ఒక స్వరం, మళ్లీ స. వీటిని హార్మోనిక్స్ అంటారు. పెదవుల బిగువు, గాలి వేగం మార్చి ఒకదాని నుంచి మరోదానికి వెళ్లొచ్చు. మధ్యలోవి మాత్రం రావు.

అట్టడుగున ఉన్న షడ్జమాన్ని పక్కన పెడితే, రెండో హార్మోనిక్ అయిన షడ్జమానికీ మూడోదైన పంచమానికీ మధ్య ఏడు అర్ధస్వరాల దూరం ఉంది (షడ్జమం నుంచి శుద్ధ రిషభానికి ఉన్న దూరం ఒక అర్ధస్వరం). పంచమం నుంచి కిందికి దిగుతూ షడ్జమం చేరేలోగా ఆరు స్వరాలు నింపాలి. పంచమానికి ఒక పొజిషన్, ఈ ఆరింటికీ ఆరు. మొత్తం ఏడు. పై హార్మోనిక్స్ మధ్య దూరాలు ఇంతకన్నా తక్కువ కాబట్టి ఏడు పొజిషన్లు ఉంటే పైన అంతా నిండిపోతుంది. స్లైడ్ పొడవును నిర్ణయించింది ఈ ఒక్క ఖాళీయే.

దూరాలు సమానంగా ఉండకపోవడానికి కారణం కూడా లెక్కలోనే ఉంది. స్వరం ఒక అర్ధస్వరం దిగాలంటే గొట్టం పొడవు దాదాపు 6 శాతం పెరగాలి. పొడవు పెరిగేకొద్దీ ఆ 6 శాతం కూడా పెద్దదవుతుంది. స్లైడ్‌లో రెండు గొట్టాలు పక్కపక్కన ఉంటాయి కాబట్టి చేయి కదిలేది పెరగాల్సిన పొడవులో సగమే. ఆ లెక్కన ఫస్ట్ నుంచి సెకండ్ పొజిషన్‌కు సుమారు 8 సెంటీమీటర్లు, సిక్స్త్ నుంచి సెవెన్త్‌కు 11 దాకా వస్తుంది. మొత్తం దూరం 60 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. మొదట్లో పిల్లలు ఏడు సమానభాగాలు ఊహించుకుని చేయి చాపుతారు. దూరపు పొజిషన్లలో స్వరం ఎప్పుడూ ఉండాల్సిన దానికన్నా కాస్త పైన పలకడానికి ముఖ్య కారణం ఇదే.

కొత్తవాళ్లకు టీచర్లు చెప్పే గుర్తు ఒకటుంది: థర్డ్ పొజిషన్ బెల్ (వాయిద్యం ముందు విచ్చుకున్న భాగం) అంచుకు కాస్త ఇవతల, ఫోర్త్ కాస్త అవతల. మొదటి నెలల్లో ఇది పనికొస్తుంది. తర్వాత దీన్ని వదిలెయ్యాలి. దగ్గరి పొజిషన్లలో 8 సెంటీమీటర్లకు అర్ధస్వరం అయితే, ఒక సెంటీమీటరు తప్పితే అర్ధస్వరంలో ఎనిమిదో వంతు తప్పినట్టు. పక్కన ఇంకో వాయిద్యం మోగుతుంటే ఆ తేడా చెవికి తెలిసిపోతుంది. కన్ను అంత కచ్చితంగా కొలవలేదు.

వీణకు మెట్లుంటాయి, వయొలిన్‌కు ఉండవు. ఇత్తడి వాయిద్యాల్లో ట్రంపెట్‌కూ ట్రాంబోన్‌కూ తేడా దాదాపు అలాంటిదే. ట్రంపెట్ మీట నొక్కితే ఒక నిర్ణీత పొడవు గొట్టం కలుస్తుంది. రెండు మూడు మీటలు కలిపి నొక్కినప్పుడు పైన చెప్పిన 6 శాతం లెక్క కుదరక స్వరం ఉండాల్సిన దానికన్నా పైన పలుకుతుంది. దాన్ని సర్దడానికే ట్రంపెట్ మూడో మీట గొట్టానికి చిన్న స్లైడ్ పెడతారు. ట్రాంబోన్‌కు ఆ బెడద లేదు. స్లైడ్‌ను ఏ స్వరానికైనా సరిగ్గా చోటుకు చేర్చొచ్చు, తప్పు చోటుకూ అంతే సులువుగా చేర్చొచ్చు.

పియానోకు కుదరని గాంధారం

ఒకే పొజిషన్‌లో పలికే స్వరాలన్నీ పియానోతో సరిపోవు. ఐదో హార్మోనిక్ అయిన గాంధారం పియానో గాంధారం కన్నా అర్ధస్వరంలో ఏడో వంతు తక్కువ. ఏడో హార్మోనిక్ అయిన నిషాదం ఇంకా తక్కువ, దాదాపు మూడో వంతు. అందుకే ఏడో హార్మోనిక్ వాడేటప్పుడు స్లైడ్‌ను మామూలు చోటు కన్నా లోపలికి పట్టుకోవాలి. ఫస్ట్ పొజిషన్‌లో ఇంకా లోపలికి వెళ్లే దారే లేదు కాబట్టి అక్కడ ఆ స్వరాన్ని వాడకుండా వదిలేస్తారు. అనుభవం ఉన్నవాళ్లలో కొందరు ఫస్ట్ పొజిషన్‌లో స్లైడ్‌ను ఆఖరిదాకా నెట్టకుండా కొద్దిగా బయట ఉంచేలా వాయిద్యాన్ని శ్రుతి చేసుకుంటారు. అవసరమైతే లోపలికి లాగడానికి చోటు మిగలాలి కదా.

సంగీతం తెలిసిన తెలుగు ఇళ్లకు ఇక్కడ ఒక సంగతి ఆసక్తిగా ఉంటుంది. తంబూర మీటినప్పుడు తనంతట తానే వినిపించే గాంధారం ఈ ఐదో హార్మోనిక్కే. కర్ణాటక సంగీతం విన్న చెవికి అది సరైన స్వరంగానే తోస్తుంది. పియానోకు కట్టిన ట్యూనర్ యాప్ మాత్రం ఎర్ర దీపం చూపిస్తుంది. ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్ల బృందం ఒక సుదీర్ఘ మేజర్ కార్డు (స, గ, ప కలిసి ఒకేసారి మోగడం) పట్టినప్పుడు గాంధారం వాయించేవారు దాన్ని ఈ సహజ స్థానానికి దించుతారు, అప్పుడే కార్డు కదలకుండా నిలబడుతుంది. అదే స్వరాన్ని పియానోతో కలిసి వాయిస్తే కొద్దిగా పైకి జరపాలి. కాబట్టి ట్యూనర్ యాప్‌ను పూర్తిగా నమ్ముకున్న విద్యార్థి కొంతదూరం వెళ్లి ఆగిపోతాడు.

గాలి, పెదవులు

నాదస్వరంలో పీక చేసే పని ట్రాంబోన్‌లో పెదవులే చేస్తాయి. మధ్య బి ఫ్లాట్ పలకాలంటే అవి సెకనుకు సుమారు 233 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఏ కండరమూ కావాలని ఇంత వేగంగా కదలలేదు. పెదవులను దగ్గరగా ఉంచి మధ్య నుంచి గాలి పంపితే, ఆ గాలీ గొట్టంలో అటూ ఇటూ తిరిగే ధ్వని తరంగమూ కలిసి వాటిని కదిలిస్తాయి. వాయించేవారి పని కదిలించడం కాదు, కదలడానికి వీలు కల్పించడం.

పెదవులు బిగించాలా వదలాలా అన్న గొడవ ఇక్కడ తేలుతుంది. నోటి మూలలు గట్టిగా ఉండాలి, మౌత్‌పీస్ (పెదవులకు ఆనించే గిన్నెలాంటి భాగం) లోపల ఉన్న భాగం మెత్తగా ఉండాలి. రెండు సలహాలూ నిజమే, చెప్పేది వేర్వేరు చోట్ల గురించి. మూలలు వదులైతే బుగ్గలు ఉబ్బి గాలి చెదురుతుంది. మధ్యభాగం బిగిస్తే శబ్దం సన్నగా, గీరినట్టు వస్తుంది. పై స్వరాలు అందనప్పుడు కొత్తవాళ్లు మౌత్‌పీస్‌ను మూతికి నొక్కిపెడతారు. కాసేపు స్వరం పలుకుతుంది కూడా, అదే చిక్కు. ఒత్తిడికి రక్తప్రసరణ తగ్గి పది నిమిషాల్లో పెదవి మొద్దుబారుతుంది. వాయించాక మూతి మీద ఎర్రటి వలయం చాలాసేపు ఉండిపోతే ఒత్తిడి ఎక్కువైందని అర్థం.

ఊపిరి విషయంలో ఎక్కువగా వినిపించే మాట ‘డయాఫ్రమ్‌తో ఊదు’. శరీరశాస్త్రం ప్రకారం ఇది తలకిందుల మాట. డయాఫ్రమ్ గాలి పీల్చుకోవడానికి పనికొచ్చే కండరం. బయటికి పంపేది పొట్ట కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు. పైగా డయాఫ్రమ్ కదలిక మనకు నేరుగా తెలియదు. టీచర్ ఉద్దేశం లోతుగా పీల్చి ఆగకుండా వదలమనే. పిల్లలు మాత్రం పొట్ట రాయిలా బిగించి కూర్చుంటారు. దాంతో గొంతు కూడా బిగుసుకుంటుంది. భుజాలు లేవకుండా, నోరు ‘ఓ’ ఆకారంలో తెరిచి, చప్పుడు లేకుండా పీల్చడం, నిండగానే పట్టి ఉంచకుండా వెంటనే వదలడం చాలు. పీల్చడానికీ వదలడానికీ మధ్య ఆ చిన్న బిగింపే మొదటి స్వరం పగిలిపోవడానికి సాధారణ కారణం.

కింది స్వరాలకు గాలి చాలా కావాలి కానీ ఒత్తిడి తక్కువ. పై స్వరాలకు గాలి కొంచెమే, ఒత్తిడి ఎక్కువ. నాలుక వెనకభాగం పైకి లేచి నోటిలో దారి ఇరుకైతే గాలి వేగం పెరుగుతుందని టీచర్లు చాలాకాలంగా చెబుతున్నారు. జర్మనీలోని గొటింగెన్‌లో ఫ్రెంచ్ హారన్ కళాకారులను రియల్ టైమ్ ఎంఆర్ఐ స్కానర్‌లో వాయించమని చిత్రీకరించినప్పుడు, స్వరం పైకి వెళ్లేకొద్దీ నాలుక లేవడం స్పష్టంగా కనిపించింది. ‘ఆ’ నుంచి ‘ఈ’కి మారినట్టు వాయించమనే పాత సూచన వెనకున్నది ఇదే కదలిక.

చేయి, నాలుక: అసలు చిక్కుముడి

ముందు పట్టు. వాయిద్యం బరువంతా ఎడమచేతిదే. కుడిచేతి బొటనవేలు, మొదటి రెండు వేళ్లు స్లైడ్ అడ్డకడ్డీని తేలిగ్గా పట్టుకోవాలి. కుడిచేయి బరువు మోయడం మొదలుపెడితే స్లైడ్ కదిలిన ప్రతిసారీ మౌత్‌పీస్ మూతి మీద కదులుతుంది, స్వరం వణుకుతుంది. బయటికి పెదవుల లోపంలా కనిపించే ఈ తప్పుకు మూలం ఎడమ మణికట్టులో ఉంటుంది.

ఇక కదలిక. మూడో హార్మోనిక్‌లో ఎఫ్ (పంచమం) నుంచి ఈ ఫ్లాట్‌కు (శుద్ధ మధ్యమం) వెళ్లడం తీసుకుందాం. ఫస్ట్ నుంచి థర్డ్ పొజిషన్, చేయి దాదాపు 17 సెంటీమీటర్లు కదలాలి. రెండూ ఒకే హార్మోనిక్ కాబట్టి గాలి ఆగకుండా స్లైడ్ జరిపితే మధ్యలోని స్వరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కరిగి వినిపిస్తాయి. కావాలని చేస్తే దీని పేరు గ్లిసాండో. అక్కర్లేనిచోట వస్తే అది మరకే.

మరక పోవాలని కొత్తవాళ్లు చేసే పని గాలి ఆపడం. మరక పోతుంది, పాట కూడా ముక్కలవుతుంది. సరైన పద్ధతిలో గాలి ఆగదు. ఎఫ్ స్వరాన్ని దాని పూర్తి నిడివి పట్టి, చివరి క్షణంలో స్లైడ్‌ను చురుగ్గా తరలించి, ఆ కదిలే కాస్త సమయంలోనే నాలుక ‘ద’ అన్నంత మెత్తగా గాలిని తాకి వదలాలి. నాలుక, చేయి ఒకే క్షణంలో పనిచేయాలి. చేయి ముందు కదిలితే ఎఫ్ చివర కిందికి జారినట్టు వినిపిస్తుంది, వెనకబడితే ఈ ఫ్లాట్ మొదట్లో జారుతుంది. రికార్డు చేసి నెమ్మదిగా వింటే రెంటిలో ఏది జరుగుతోందో తెలిసిపోతుంది. దీనికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

విలంబంలో చేయి కూడా విలంబంగా కదలాలనుకోవడం ఇంకో సాధారణ పొరపాటు. పాట ఎంత నెమ్మదైనా స్వరానికీ స్వరానికీ మధ్య స్లైడ్ చురుగ్గానే వెళ్లాలి. నిమిషానికి 120 బీట్ల వేగంలో అరబీటు స్వరం నిలిచేది పావు సెకను. అందులోనే చేయి వెళ్లాలి, స్వరమూ వినపడాలి. అయితే చురుకంటే కుదుపు కాదు. మోచేయి, మణికట్టు కలిసి కదిలితే స్లైడ్ చివర మెత్తగా ఆగుతుంది. భుజం బిగించి మోచేత్తో మాత్రమే తోస్తే తల ఊగుతుంది.

హార్మోనిక్ మారే చోట పని తేలిక. ఒక హార్మోనిక్ నుంచి మరోదానికి దాటేటప్పుడు స్వరం తనంతట తానే తెగి మారుతుంది కాబట్టి నాలుక అక్కర్లేదు. అందుకే అనుభవజ్ఞులు ఒకే స్వరానికి రెండు మూడు చోట్లు గుర్తుంచుకుంటారు. మధ్య బి ఫ్లాట్ ఫస్ట్ పొజిషన్‌లోనూ, కాస్త లోపలికి పట్టిన ఫిఫ్త్ పొజిషన్‌లోనూ ఉంటుంది. దాని పైనున్న డి ఫస్ట్‌లోనూ ఫోర్త్‌లోనూ దొరుకుతుంది. వేగంగా వాయించే గమనంలో చేయి వెనక్కి తిరగకుండా ఒకే దిశలో సాగేలా ఈ ప్రత్యామ్నాయ పొజిషన్లు ఎంచుకుంటారు. మొదటి ఏడాది పిల్లలకు ఇవి నేర్పకపోయినా నష్టం లేదు.

నాలుక విషయంలో తెలుగు పిల్లలకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఎదురవుతుంది. టీచర్ ‘టా’ అన్నప్పుడు తెలుగు చెవికి అది ‘ట’గా వినిపిస్తుంది, నాలుక మడతపడి వెనక్కి వెళ్తుంది. ఇంగ్లిష్ శబ్దంలో నాలుక కొస పైపళ్ల వెనక చిగురును తాకుతుంది. మన ‘త’కు అది దగ్గర. ‘త’, ‘ద’లతో మొదలుపెడితే నాలుక వెళ్లాల్సిన దూరం తగ్గుతుంది. వేగం పెరిగాక వాడే డబుల్ టంగింగ్ (నాలుక కొస, వెనకభాగం మార్చి మార్చి వాడడం) కూడా ‘తక తక’ అన్న వరుసే. మృదంగం జతులు పలికిన పిల్లలకు అది కొత్త కాదు. కాకపోతే ‘క’ బలహీనంగా రాకుండా విడిగా సాధన చేయాలి.

అందని చేయి, ట్రిగ్గర్

పదేళ్ల పిల్లల చేయి సిక్స్త్, సెవెన్త్ పొజిషన్లకు అందకపోవడం మామూలే. మొదటి ఏడాది పుస్తకాల్లో సెవెన్త్ అవసరం అరుదు. సిక్స్త్‌లో వచ్చే సి స్వరమే తరచూ ఇబ్బంది పెడుతుంది. దీనికి జవాబు ఎఫ్ అటాచ్‌మెంట్, వాడుకలో ట్రిగ్గర్. లైప్‌జిగ్‌కు చెందిన క్రిస్టియన్ ఫ్రీడ్రిష్ సాట్లర్ 1839లో దీన్ని తయారుచేశాడు. ఎడమ బొటనవేలితో మీట నొక్కితే దాదాపు 90 సెంటీమీటర్ల అదనపు గొట్టం కలిసి వాయిద్యం ఎఫ్ ఆధారానికి దిగుతుంది. సిక్స్త్‌లోని సి ఫస్ట్‌కు, సెవెన్త్‌లోని బి దాదాపు సెకండ్‌కు వచ్చేస్తాయి.

దీనికో వెల ఉంది. గొట్టం పొడవైంది కాబట్టి 6 శాతం కూడా పెద్దదైంది, అదే స్లైడ్‌లో ఇప్పుడు ఏడుకు బదులు ఆరు పొజిషన్లే పడతాయి. బరువు కూడా పెరుగుతుంది, అదంతా ఎడమచేతి మీదే. చిన్న పిల్లలకు తొలి ఏడాది ట్రిగ్గర్ లేని తేలికైన వాయిద్యమే మేలు. అందని స్వరం ఒకటి రెండు వదిలేయడం కన్నా బరువుకు మణికట్టు వాలిపోవడం పెద్ద నష్టం. వాయిద్యాన్ని కింద పెట్టేటప్పుడు స్లైడ్ లాక్ వేయకపోతే బయటి స్లైడ్ జారి నేలకు తగులుతుంది. కంటికి కనిపించనంత చిన్న వంపు పడినా కదలిక గీరుకుంటుంది. అప్పుడు ఎంత సాధన చేసినా చేయి చురుగ్గా కదలదు.

చెవికి సాధన

న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ స్కూల్‌లో 1922 నుంచి 1971 దాకా ట్రాంబోన్ నేర్పిన ఎమరీ రెమింగ్టన్ పేరుతో ఒక సాధన ప్రపంచమంతా వాడుకలో ఉంది. ఫస్ట్ పొజిషన్‌లో ఒక దీర్ఘ స్వరం, అక్కడి నుంచి సెకండ్‌కు వెళ్లి తిరిగి రావడం, తర్వాత థర్డ్‌కు వెళ్లి రావడం, ఇలా సెవెన్త్ దాకా. వినడానికి విసుగ్గా ఉంటుంది కానీ దూరాల కొలతను చేతికీ, స్వరాల మధ్య అంతరాన్ని చెవికీ ఒకేసారి ఎక్కిస్తుంది. గాలి ఆగకుండా నడవడం కూడా అందులోనే వస్తుంది.

ఈ సాధనకు శ్రుతి పెట్టె చక్కగా అతుకుతుంది. బి ఫ్లాట్ అంటే ఆరున్నర శ్రుతి. పెట్టెనో యాప్‌నో అక్కడ ఉంచి దాని మీద వాయిస్తే, స్వరం తప్పినప్పుడు రెండు ధ్వనుల మధ్య ఊగిసలాట వినిపిస్తుంది. స్లైడ్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ ఆ ఊగిసలాట ఆగేచోటు పట్టుకోవచ్చు. ముందు ఆ స్వరాన్ని గొంతుతో పాడి తర్వాత వాయిస్తే ఇంకా త్వరగా కుదురుతుంది. గాత్రం నేర్చుకుంటున్న పిల్లలకు ఇక్కడ పెద్ద మొగ్గు ఉంది.

జారుకు ఉన్న హద్దు

ఇంత జారే వాయిద్యం గమకాలకు సరిపోతుంది కదా అన్న ప్రశ్న సహజం. వయొలిన్, క్లారినెట్, మాండొలిన్, సాక్సఫోన్ కర్ణాటక కచేరీ వేదిక ఎక్కాయి. ట్రాంబోన్‌కు ఆ స్థానం రాలేదు. కారణాల్లో ఒకటి మొదట చెప్పిన లెక్కే. ఏడు పొజిషన్లంటే ఆరు అర్ధస్వరాలు. ఒకే హార్మోనిక్‌లో షడ్జమం నుంచి తెగకుండా జారితే ప్రతిమధ్యమం దాకానే వెళ్లగలం. పంచమం ఒక్క మెట్టు అవతల ఉండిపోతుంది. అక్కడికి హార్మోనిక్ దాటాలి, దాటినచోట జారు తెగుతుంది.

కంపితానికి (స్వరాన్ని ఊపే గమకానికి) ఇంకో అడ్డంకి. వయొలిన్ తీగ మొదట్లో అర్ధస్వరానికి వేలు కదిలేది 2 సెంటీమీటర్ల లోపే. ఇక్కడ 8. తోడి గాంధారంలాంటి ఊపును అదే వేగంతో చేయాలంటే మొత్తం చేయి, స్లైడ్ బరువు కలిసి ఊగాలి. చిన్న ఊపులను పెదవులతో వంచి కొంతవరకు తేవచ్చు, పెద్దవి కుదరవు.

పాశ్చాత్య స్వరకర్తలకూ ఈ హద్దు తగిలింది. బేలా బార్టోక్ 1943లో రాసిన కన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రాలో బాస్ ట్రాంబోన్‌కు కింది బి, దాని పైనున్న ఎఫ్ మధ్య ఒక గ్లిసాండో ఉంది. దూరం సరిగ్గా ఆరు అర్ధస్వరాలే. కానీ ట్రిగ్గర్ నొక్కితే మిగిలేది ఆరు పొజిషన్లు కాబట్టి ట్రిగ్గర్ ఉన్న బి ఫ్లాట్/ఎఫ్ వాయిద్యం మీద ఆ అడుగు బి స్లైడ్ చివర దాటి పోతుంది. ఈ చిన్న జారు కోసం బాస్ ట్రాంబోన్ వాయించేవారు ఇప్పటికీ అదనపు గొట్టంతో రకరకాల ఉపాయాలు పన్నుతూనే ఉన్నారు.